రేపు టీచరమ్మ రాకపోతే?

పిల్లల పెంపకం గురించి ఇలాంటి పేజీల్లో మనం చాలానే చదువుతుంటాం. ఏం తినిపించాలి, ఎప్పుడు బడిలో వెయ్యాలి, టీవీకి, ఫోనుకి ఎలా దూరంగా ఉంచాలి... అన్నీ అవసరమే, కాదనను. కానీ కూలికో, కొట్లో పనికో, ఆఫీసుకో వెళ్ళే తల్లి పొద్దున లేవగానే మొదట వేసుకునే ప్రశ్న వీటిలో ఏదీ కాదు. "ఇవాళ వీణ్ణి ఎవరి దగ్గర వదలాలి?" అన్నదే. రోజూ వదిలే చోటంటూ ఉన్నవాళ్ళకి ఇంకో ప్రశ్న. ఆ చోటు ఇవాళ తెరిచి ఉంటుందా? ఉన్నా, నిన్న ఉన్న మనిషే ఉంటుందా?

డబ్బున్నవాళ్ళు ఈ ప్రశ్నకి డబ్బుతో జవాబు చెప్పుకుంటారు. ఒక ఆయా మానేస్తే ఇంకో ఆయాని వెతుక్కుంటారు, లేదా ఊరి నుంచి అత్తగారికి టిక్కెట్టు కొంటారు. సర్కారు నడిపే అంగన్‌వాడీ మీదే ఆధారపడ్డ తల్లి సంగతి వేరు. ఆమెకి ఉన్నది ఒకటే చోటు, అందులో ఉండేది ఒక టీచరు, ఒక ఆయా. వాళ్ళలో ఒకరు మారినా, రాకపోయినా ఆ రోజు కూలి పోయినట్టే.

మాది డోర్నకల్. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి మహబూబాబాద్ జిల్లా. విజయవాడ రైలెక్కినవాళ్ళకి మా ఊరు జంక్షన్‌గానే తెలుసు. భద్రాచలం రోడ్డు లైను ఇక్కడే చీలుతుంది. చుట్టూ తండాలు, మిరప తోటలు. సంక్రాంతి దాటిందంటే మిరప ఏరే పని మొదలవుతుంది. తెల్లారకముందే ఆటోలు వచ్చి వీధి చివర హారన్ కొడతాయి. ఆరున్నరకల్లా ఆటోలో ఉండాలి. అంగన్‌వాడీ తెరిచేది 9 గంటలకి, మూసేది సాయంత్రం 4కి. తోటలోంచి ఆడవాళ్ళు ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. అంటే అన్నీ సవ్యంగా జరిగిన రోజున కూడా పొద్దున రెండున్నర గంటలు, సాయంత్రం రెండు గంటలు ఎవరో ఒకరు కావాలి. నేను ఇంట్లో ఉండే మనిషిని కాబట్టి ఆ ఎవరో ఒకరు చాలాసార్లు నేనే అవుతుంటాను. "అక్కా, జర తొమ్మిది గొట్టేదాంక సూస్తవా, ఆడికాడ దింపి రా" అని గుమ్మంలో కూచోబెట్టి వెళ్ళిపోతారు. కథ రాసుకుందామని తీసిన కాగితాల మీద ఆ పిల్లలు బొమ్మలు గీస్తుంటారు. నాకేం కష్టం లేదు గానీ, నేను పెళ్ళికో పేరంటానికో ఊరెళ్ళిన రోజున వాళ్ళేం చేస్తారన్నది మాత్రం ఎవరూ నాకు చెప్పరు.

2024లో మన రాష్ట్రంలో 65 ఏళ్ళు నిండిన అంగన్‌వాడీ టీచర్లకి, ఆయాలకి పదవీ విరమణ ఇచ్చారు. టీచరుకి 2 లక్షలు, ఆయాకి లక్ష ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే, ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన మనుషులు, ఇంకా ఎక్కువే ఇచ్చినా తప్పులేదు. మాకు తెలిసిన ఒక కేంద్రంలో కూడా పెద్ద టీచరమ్మ అలాగే వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ కిందట ఆమె ఒళ్ళో అక్షరాలు దిద్దిన ఆడపిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి ఆమె దగ్గరే వదిలేవారు. ఆమె స్థానంలో కొత్త మనిషి రావాలంటే ప్రకటన పడాలి, దరఖాస్తులు రావాలి, స్థానికురాలా కాదా చూడాలి. అంతవరకూ పక్క కేంద్రం టీచరుకే ఇది కూడా అప్పగిస్తారు. దానికి 'ఇన్‌ఛార్జి' అని ముద్దు పేరు. రెండు చోట్ల రిజిస్టర్లు, రెండు చోట్ల కోడిగుడ్ల లెక్క, ఫోనులో ఫోటోలు. ఓటర్ల జాబితా పని, సర్వేల పని సరేసరి. ఆ ఇన్‌ఛార్జి ఒక గంట ఇక్కడ, రెండు గంటలు అక్కడ. మిగతా వేళంతా ఆయానే వంటా, ఊడ్పూ, ఇరవై మంది పిల్లలూ.

ఆ కేంద్రానికి వచ్చే మూడేళ్ళ పిల్లాడొకడు పెద్ద టీచరమ్మ వెళ్ళిన రోజు నుంచి గడప దాటి లోపలికి అడుగు పెట్టలేదు. వాళ్ళమ్మ రెండు రోజులు కూలి మానేసింది. మూడో రోజు మానితే ముఠా మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. అందుకని నాలుగో తరగతి చదివే కూతుర్ని ఇంట్లో ఉంచింది. "పెద్దదున్నది గదక్కా, అదే సూసుకుంటది" అంది నాతో. పెద్దదానికి తొమ్మిదేళ్ళు! నేనేమీ అనలేకపోయాను. ఆమె తప్పని నాకనిపించలేదు కూడా. మీ వీధిలో బడి వేళకి చంకన పిల్లాడితో తిరిగే ఆడపిల్ల కనిపిస్తే, "ఏమే, బడికి పోలేదా" అని గద్దించేముందు, వాళ్ళ అంగన్‌వాడీ తెరిచారో లేదో ఒకసారి కనుక్కోండి.

తండాల్లో ఈ చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. లంబాడీ ఇళ్ళల్లో పిల్లలకి వచ్చేది వాళ్ళ గోర్ భాషే. తెలుగు బడికొచ్చాక నేర్చుకునే మాట. తండా మనిషే టీచరుగా ఉన్నన్నాళ్ళూ "నీళ్ళు కావాలి", "కడుపు నొప్పి" అని పిల్ల తన మాటలో చెప్పుకుంటుంది. ఆమె సెలవులో ఉండి, బయటి నుంచి ఇన్‌ఛార్జి వచ్చిందంటే ఆ పసిదానికి కొత్త మొహంతో పాటు కొత్త భాష కూడా ఒక్కసారే ఎదురవుతుంది. అప్పుడు ఏడవదూ మరి?

"నాలుగు రోజులు ఏడిస్తే వాళ్ళే అలవాటు పడతారు" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ఇంట్లో పెద్దవాళ్ళూ అంటారు. దీని మీద ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ అనే భార్యాభర్తలు ఓపిగ్గా పనిచేశారు. 1969లో వాళ్ళు జాన్ అనే 17 నెలల పిల్లవాడి మీద ఒక చిన్న సినిమా తీశారు. వాళ్ళమ్మ రెండో కాన్పుకి వెళితే ఆ పిల్లాణ్ణి తొమ్మిది రోజులు ఒక శిశుగృహంలో ఉంచారు. అక్కడి నర్సులు చెడ్డవాళ్ళేం కాదు. కానీ డ్యూటీలు మారినప్పుడల్లా మనిషి మారిపోయేది. వాడు మొదట్లో ఒక్కొక్క నర్సు దగ్గరికీ వెళ్ళి ఒళ్ళో చేరాలని చూశాడు. దగ్గరయ్యేలోపు ఆమె డ్యూటీ దిగిపోయేది. చివరికి తిండి మానేసి, నేల మీద పడి ఏడ్చాడు. వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకోబోతే ఆమెనే తోసేశాడు. ఇదే రాబర్ట్‌సన్ దంపతులు ఆ రోజుల్లోనే వేరే నలుగురు పిల్లల్ని తల్లులు కాన్పుకి వెళ్ళినప్పుడు తమ ఇంట్లోనే పెట్టుకుని చూశారు. అంతకుముందే ఆ పిల్లలకి పరిచయమై, వాళ్ళ దుప్పటీ, బొమ్మలూ వెంట తెచ్చుకోనిచ్చి, వాళ్ళ అలవాట్లన్నీ తల్లుల్ని అడిగి తెలుసుకుని మరీ చూశారు. ఆ పిల్లలు కూడా బెంగ పెట్టుకున్నారు గానీ జాన్‌లా నలిగిపోలేదు.

నాకు దీనిలో మనకి పనికొచ్చే ముక్క ఒకటే కనిపిస్తోంది. మారు మనిషి రావడంలో ప్రమాదం లేదు. అవసరం పడిన రోజే మొదటిసారి కనిపించే మారు మనిషితోనే పిల్లకి కష్టం. అంగన్‌వాడీల ఏర్పాటులో సరిగ్గా ఇదే లోపించింది. మారు మనిషి అన్న ఆలోచనే లేదు.

మన దేశంలో ఐసీడీఎస్ మొదలైంది 1975 అక్టోబర్ 2న. అప్పట్లో దాని ఉద్దేశం పోషకాహారం, టీకాలు, ఆటపాటలు. తల్లి పనికి వెళ్ళే వేళ పిల్లని చూడడం అన్నది అసలు లెక్కలోనే లేదు. దానికోసం వేరే క్రెచ్ పథకం ఉండేది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో మొదటి అధ్యక్షురాలిగా నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, స్వచ్ఛంద సంస్థల చేత ఈ క్రెచ్‌లని నడిపించేది. 2006లో దానికి రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. 2017 జనవరి నుంచి జాతీయ క్రెచ్ పథకం అన్నారు, ఖర్చులో రాష్ట్రాలకీ సంస్థలకీ వాటా వేశారు. నెలకి పేద ఇంటి పిల్లకి 20 రూపాయలు రుసుము. అది తల్లులకి భారం కాలేదు. భారమైంది నడిపే సంస్థలకి. ఒకప్పుడు దేశం మొత్తం మీద ఇరవై వేలు దాటిన క్రెచ్‌లు 2020 నాటికి ఏడు వేల లోపుకి పడిపోయాయి. ఒక్కో క్రెచ్ మూతపడ్డప్పుడు అందులోని పిల్లలు ఎక్కడికి వెళ్ళారో ఏ రిజిస్టర్లోనూ రాసి ఉండదు. ఆ సంక్షేమ మండలిని కూడా 2022లో ఎత్తేశారు. అదే ఏడు క్రెచ్ పథకానికి 'పాల్నా' అని కొత్త పేరొచ్చింది. అంగన్‌వాడీలోనే క్రెచ్ కలిపి నడపాలన్నారు, దేశమంతా 17,000 అలాంటివి పెడతామన్నారు. ఆలోచన మంచిది. ఆరు నెలల పిల్లని కూడా తీసుకుంటారు. అది మన వీధిదాకా ఎప్పుడొస్తుందా అని చూడాలి.

మారు మనిషి లేకపోతే ఏమవుతుందో 2023లో మనమందరం చూశాం. సెప్టెంబర్ 11 నుంచి అక్టోబర్ మొదటివారం దాకా తెలంగాణలో అంగన్‌వాడీ వాళ్ళు సమ్మె చేశారు. ఆంధ్రాలో డిసెంబర్ 12న మొదలైన సమ్మె 42 రోజులు సాగి 2024 జనవరిలో ముగిసింది. వాళ్ళని తప్పు పట్టడం నాకు చేతకాదు. సమ్మె నాటికి మన రాష్ట్రంలో టీచరుకి 13,650, ఆయాకి 7,800 రూపాయలు ఇచ్చేవారు. జీతం అనకూడదట, 'గౌరవ వేతనం' అనాలట. గ్రాట్యుటీకి వాళ్ళు అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినా, రోడ్డెక్కితే గానీ మాట్లాడేవాళ్ళు లేరు. అయితే ఆ రోజుల్లో కేంద్రాలు నడుస్తున్నాయనిపించుకోవడానికి ఆంధ్రాలో అధికారులు తాళాలు పగలగొట్టించి సచివాలయం ఉద్యోగుల్ని కూచోబెట్టారు. తాళం తీస్తే గది తెరుచుకుంటుంది. లోపల కాగితాలు చూసే ఉద్యోగి కూర్చుని ఉంటే మూడేళ్ళ పిల్ల ఆయన దగ్గర అన్నం తింటుందా? ఏ తల్లి పంపుతుంది? సమ్మె చేసే టీచరూ, కూలి పోగొట్టుకునే తల్లీ ఒకరి మీద ఒకరు కోపం పెంచుకోవడమే చివరికి మిగిలింది. ఇద్దరూ ఒకే వీధి మనుషులు!

వేసవి సంగతి ఇంకోటి. ఇదివరకు మేలో టీచరూ ఆయా చెరో పక్షం సెలవు తీసుకుని కేంద్రం తెరిచే ఉంచేవారు. 2025లో మన రాష్ట్రంలో మే నెలంతా సెలవులిచ్చారు, సరుకులు ఇంటికే ఇస్తామన్నారు. ఎండలు చూస్తే న్యాయమే. పసిపిల్లల్ని రేకుల షెడ్డులో కూచోబెట్టమని ఎవరంటారు? కానీ పొలం పనులు లేని ఆ నెలే ఉపాధి పనికి ఎక్కువమంది ఆడవాళ్ళు వెళ్ళే నెల. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు. పనిచోటుకి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో, అంతకన్నా ఎక్కువో వస్తే, ఆ ఆడవాళ్ళలోనే ఒకరిని పిల్లల్ని చూడడానికి పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని. ఆ మాట చదివిన తల్లి నాకు ఇంతవరకూ కనబడలేదు. చెట్టు కింద చీర ఉయ్యాల కట్టుకుని, మట్టి తట్ట మోస్తూ మోస్తూ అటు చూసుకున్నవాళ్ళే కనబడ్డారు.

ఇతర చోట్ల ఎలా చేస్తున్నారంటే, అమెరికాలో తక్కువ సంపాదన ఉన్న తల్లిదండ్రులకి పిల్లల సంరక్షణ ఖర్చుకి సాయం చేసే చట్టం 1990లో వచ్చింది. అక్కడ చాలావరకు సాయం పిల్ల పేరు మీద ఉంటుంది. ఒక చోటు నచ్చకపోయినా, మూతపడినా, ఆఫీసుకి తెలియజేసి ఇంకో చోటికి మార్చుకుంటారు, సాయం వెంట వస్తుంది. మనకి సాయమంతా గదికి, సరుకుకి కట్టి ఉంది. గది మూస్తే సాయమూ ఆగుతుంది. అయితే అమెరికా దాకా ఎందుకు, పక్కన కర్ణాటకలో 2023లో 'కూసిన మనె' అని మొదలుపెట్టారు. పాపల ఇల్లు అన్నమాట. ఉపాధి పనికి వెళ్ళే తల్లుల పిల్లల కోసం పంచాయతీల్లో క్రెచ్‌లు. ఒక్కో దానికి ఒక్క మనిషిని కాకుండా ఊళ్ళో కొందరు ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి వంతులవారీగా పెట్టడం అందులో పద్ధతి. మరీ తరచూ మారితే జాన్ కథే అవుతుందన్న భయం నాకూ ఉంది. కానీ ఒకామెకి జ్వరమొస్తే రెండో మనిషి ఎవరో ముందే తెలిసి ఉంటుంది చూడండి, అది మనకి లేదు.

సర్కారు ఇచ్చేదాకా మనం చేసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది కొత్త మనిషిని మీ పిల్లకి మీరే పరిచయం చెయ్యడం. టీచరు మారుతోందని తెలియగానే, పాతామె ఉండగానే, ఒక పూట వెళ్ళి ఇద్దరి మధ్యా కూర్చోండి. పిల్లని ఎలా పిలుస్తారో, ఏది తినదో, ఏ వేళకి నిద్రొస్తుందో, భయమేస్తే ఏం చేస్తుందో కొత్తామెకి చెప్పండి. పెద్ద టీచరమ్మ "ఈమె కూడా నాలాంటిదేరా" అని పిల్ల చెయ్యి కొత్తామె చేతిలో పెడితే అది మనం వెయ్యి మాటలు చెప్పినదానికన్నా బాగా పనిచేస్తుంది. మొదటి నాలుగు రోజులు పిల్లకి తెలిసిన తువ్వాలో, గిన్నో వెంట పంపండి. వదిలి వచ్చేటప్పుడు కన్ను గప్పి జారుకోకండి. "పొద్దుమూకంగ వస్త" అని చెప్పే రండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. చెప్పకుండా వెళ్ళే అమ్మని పిల్ల మర్నాడు ఇంట్లో కూడా వదలదు.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బరువు రాసిన చార్టు ఒక సంచిలో పెట్టుకోండి. ఇల్లు మారినా, పనికోసం వేరే ఊరు పోయినా పిల్ల పేరు కొత్త కేంద్రానికి మార్చమని అడగొచ్చు, ఆన్‌లైన్‌లో ఆ వీలుంది. ఇంకొకటి. ఇంటికిచ్చే సరుకు కోసం 2025 జులై నుంచి కేంద్ర ప్రభుత్వం ముఖం గుర్తింపు తప్పనిసరి చేసింది. మూడేళ్ళలోపు పిల్ల బాలామృతం ప్యాకెట్టుకి తల్లి మొహమే ఫోనులో పడాలంటే, మిరప తోటలో ఉన్న తల్లి ఏం చెయ్యాలి? సరుకు ఇచ్చే రోజు ముందే కనుక్కుని ఆ రోజుకి సర్దుకోండి. ఇంటి దగ్గర పిల్లని చూసే నాయనమ్మ వెళితే ఇస్తారా అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

ఇక మారు మనిషి. మా వీధి వెనక ఐదుగురు తల్లులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అంగన్‌వాడీ తెరవని రోజున వంతుగా ఒకామె ఆగిపోతుంది, మిగతా నలుగురూ తలా కొంత వేసి ఆమె కూలి ఆమెకిస్తారు. పిల్లలు ఐదిళ్ళూ తిరిగి ఎరిగినవాళ్ళే కాబట్టి ఏడుపు లేదు. బాగానే నడుస్తోంది, పూర్తిగా కాదు. ముఠాలో ఒకరు తగ్గితే మేస్త్రీ గొణుగుతాడు. ఒకామె చంటిపిల్ల తల్లి, ఆమె వంతు ఇంకొకరి మీద పడుతుంది, దాని మీద ఒకసారి మాటా మాటా వచ్చింది. ముఖ్యంగా, రోజు కూలి మీద బతికేవాళ్ళు తమ కూలిలోంచి ఇంకొకరికి కూలి ఇచ్చుకుంటున్నారు. సర్కారు చెయ్యాల్సిన ఖర్చు అది.

అందుకే వీళ్ళు ఒక అర్జీ ఇద్దామనుకుంటున్నారు. అంగన్‌వాడీకి పర్యవేక్షణ కమిటీ ఒకటి ఉంటుంది, అందులో తల్లులకి చోటుంది. చాలామందికి తమ పేరు అందులో ఉన్నట్టే తెలియదు, అది వేరే కథ. అడగాలనుకున్నవి రెండు. ప్రతి కేంద్రానికీ మహిళా సంఘంలోంచి ఒక మారు మనిషిని ముందే ఎంచి, ఆమె పేరు గోడ మీద రాయాలి. ఆమె నెలకి రెండు రోజులు టీచరు ఉండగానే వచ్చి పిల్లలతో గడపాలి, ఆ రోజులకీ, టీచరు రాని రోజులకీ ఆమెకి సర్కారే డబ్బివ్వాలి. తండా కేంద్రమైతే ఆమెకి పిల్లల భాష వచ్చి ఉండాలని ఒకామె చివర్లో చేర్పించింది. మే సెలవులు రాకముందే, ఏప్రిల్‌లోనే ఇచ్చెయ్యాలని వాళ్ళ పట్టుదల. కాగితం రాసే పని నాకప్పగించారు. "కతలు రాస్తవు గదక్కా, గిదొక లెక్కనా" అన్నారు. రాశాను. ఇప్పటికి ఏడు సంతకాలు, నాలుగు వేలిముద్రలు పడ్డాయి.